ఫ్యాక్టరీలు వెళ్ళిపోతాయని మెకానికల్ మాన్పిస్తారా?

"మా అబ్బాయి మెకానికల్ చదువుతానంటాడు. ఇంట్లో మూలపడ్డ కుట్టుమెషీన్ విప్పి బాగుచేశాడు కూడా. కానీ ఫ్యాక్టరీలు జీతాలు తక్కువున్న దేశానికి వెళ్ళిపోతుంటాయి కదా? డేటా సైన్స్‌తో పోల్చి చెప్పండి" అని ఒక తండ్రి అడిగారు.

ఈ ప్రశ్న నాకు కొత్త కాదు సార్. కోర్సుల పేర్లు మారతాయి గానీ, పిల్లాడు ఉద్యోగం లేకుండా మిగిలిపోతాడేమోనన్న భయం మాత్రం అదే.

వెళ్ళిపోతాయన్నది నిజమే. చొక్కాలు కుట్టే పని జపాన్ నుంచి హాంగ్‌కాంగ్, కొరియా, తైవాన్‌లకు, 1980ల నుంచి చైనా, బంగ్లాదేశ్‌లకు, ఆ తర్వాత వియత్నాంకు పాకింది. ఒకచోట జీతాలు పెరిగితే చేతిపని ఎక్కువున్న సరుకు ముందు కదులుతుంది. కానీ కుట్టు ఫ్యాక్టరీల్లో మెషీన్ల మీద పేర్లు చదవండి, జూకీ, బ్రదర్ అని తరచుగా కనిపిస్తాయి. రెండూ జపాన్ కంపెనీలే! కుట్టడం పోయి దశాబ్దాలైనా కుట్టే మెషీన్ తయారుచేసే విద్య వాళ్ళ చేతుల్లోనే ఉంది.

1979లో బంగ్లాదేశ్‌కి చెందిన దేశ్ గార్మెంట్స్ 130 మందిని కొరియాలోని దేవూ కంపెనీకి శిక్షణకి పంపింది. తిరిగొచ్చినవాళ్ళలో చాలామంది తర్వాత బయటికొచ్చి వేరే ఫ్యాక్టరీలు నిలబెట్టారు, అంటే ఫ్యాక్టరీ కొత్త దేశానికి వెళ్ళినప్పుడల్లా అది నడపడం తెలిసిన మనిషి కావాల్సిందే. దెబ్బ తగిలేది ఒక్క మెషీన్ దగ్గర ఒక్క పనే నేర్చుకుని ఆగిపోయినవాళ్ళకి, అది మాత్రం గట్టి దెబ్బే.

ఇక డేటా సైన్స్. నాకైతే అనుమానాలున్నాయి. ఫ్యాక్టరీ కదలాలంటే కరెంటు, రోడ్లు, ఓడరేవు, నేర్చిన మనుషులు, ఇవన్నీ కుదరడానికి ఏళ్ళు పడుతుంది. లెక్కలు శుభ్రం చేసి రిపోర్టులిచ్చే పనికి ఇంటర్నెట్ ఉంటే చాలు, రాత్రికి రాత్రి ఇంకో దేశానికి పోతుంది, పైగా అందులో మొదటి మెట్టు పనులు ఇప్పుడు సాఫ్ట్‌వేరే చేసేస్తోంది. గణితం మీద ఇష్టంతో వెళ్ళేవాళ్ళకి ఢోకా లేదు. ఎవరి జీతమో విని పిల్లాణ్ణి అందులోకి తోస్తే మాత్రం, కోపం తెచ్చుకోకండి, అది మీ టెన్షన్ తగ్గించుకోవడమే తప్ప వాడి భవిష్యత్తు చూడటం కాదు.

పోల్చమన్నారు, సగమే పోల్చాను. మిగతా సగం మీ ఇంట్లోనే ఉంది. సూది కిందికి దిగి పైకొచ్చేలోపు పైదారం, కిందిదారం ఎలా ముడిపడతాయో ఆ కుట్టుమెషీన్ ముందు కూర్చోబెట్టి వాణ్ణి అడగండి. మీరు విసుగుపడేదాకా చెబితే, మెకానికల్‌లో చేర్చండి.