అమెరికా చరిత్ర ఆన్‌లైన్‌లో చదవబోతున్న సింధుకి

సింధూ,

నీ మెసేజ్ చదివాను. "కంప్యూటర్ సైన్స్ చదువుదామని వస్తే ఈ హిస్టరీ గోలేంటి పెద్దమ్మా" అని అడిగావు కదా, ముందు దానికి జవాబు చెప్పేస్తాను. టెక్సస్‌లో ప్రభుత్వ కాలేజీలో ఏ డిగ్రీ చేసినా అమెరికా చరిత్రలో 6 క్రెడిట్లు పూర్తి చేయాలని రాష్ట్ర చట్టమే ఉంది. అంటే మామూలుగా రెండు కోర్సులు. మొదటిది వలసల కాలం నుంచి అంతర్యుద్ధం (1861-65లో ఉత్తరాది, దక్షిణాది రాష్ట్రాల మధ్య జరిగింది), ఆ తర్వాతి పునర్నిర్మాణం దాకా, రెండోది అక్కణ్నుంచి ఇప్పటిదాకా. చేయక తప్పదు. అయితే తప్పదు కాబట్టి ఎలాగో గట్టెక్కేద్దాం అనుకుని మొదలుపెడితే మాత్రం చాలా కష్టపడతావు. నేను ఇక్కడి కమ్యూనిటీ కాలేజీలో ఇవే కోర్సులు చదివి, తర్వాత అక్కడే ట్యూటరింగ్ సెంటర్లో ఏళ్ల తరబడి పిల్లల వ్యాసాలు చూశాను కాబట్టి ఖచ్చితంగా చెప్పగలను. లెక్కల్లో నూటికి నూరు తెచ్చుకునే మన పిల్లలు హిస్టరీలో సి గ్రేడ్ వచ్చిందని కళ్లనీళ్లు పెట్టుకుని వచ్చేవాళ్లు. అక్కడ అసలు ఏం అడుగుతున్నారో వాళ్లకి ముందుగా ఎవరూ చెప్పలేదు. అందుకే ఇంత పొడుగు ఉత్తరం.

ఒక్క విషయం మొదటే చూసుకో. నువ్వు ఎఫ్-1 వీసా, అంటే విద్యార్థి వీసా మీద ఉన్నావు. ఫుల్‌టైమ్ లెక్కలోకి సెమిస్టర్‌కి ఒక్క ఆన్‌లైన్ కోర్సునే, అంటే 3 క్రెడిట్లనే తీసుకుంటారు. ఇప్పటికే ఇంకో ఆన్‌లైన్ కోర్సు ఏమైనా పెట్టుకున్నావేమో చూసి, ఇంటర్నేషనల్ ఆఫీసులో మీ డీఎస్ఓకి (విదేశీ విద్యార్థుల వీసా వ్యవహారాలు చూసే అధికారి) మెయిల్ రాసి, జవాబు రాతపూర్వకంగా తీసుకుని దాచుకో. సీనియర్లు చెప్పారు, వాట్సాప్ గ్రూపులో అన్నారు అంటే కుదరదు ఇందులో.

ఇక అసలు సంగతి. మనం టెన్త్‌లో సోషల్ ఎలా చదివామో గుర్తుంది కదా, "1857 తిరుగుబాటుకు కారణాలు రాయుము" అంటే అయిదు పాయింట్లు, కింద గీతలు, అయిపోయింది. ఇక్కడ తేదీలు, పేర్లు క్విజ్‌లోనే అడుగుతారు, దాని వెయిటేజీ తక్కువ. ఎక్కువ మార్కులు ఉండేది వ్యాసాలకి, డిస్కషన్ బోర్డుకి. అక్కడ అడిగేది ఒకటే: ఆ కాలంలో వాళ్లు స్వయంగా రాసిన కాగితాలు ఇవి, ఇవి చదివి నువ్వేమంటావు, అలా ఎందుకంటున్నావు? ప్రతి వారం రెండో మూడో పాత పత్రాలు ఇస్తారు, చట్టమో ఉత్తరమో ప్రసంగమో పత్రికలో ప్రకటనో. ప్రైమరీ సోర్స్ అంటారు. చాలామంది పాఠ్యపుస్తకం చదివేసి, వీడియో చూసేసి, ఈ పత్రాల్ని మాత్రం ఆదివారం రాత్రి పైపైన తిరగేస్తారు. సి గ్రేడ్లు వచ్చేది అక్కడే. నువ్వు పత్రాల్ని వారం మొదట్లోనే, అన్నిటికన్నా శ్రద్ధగా చదువు. మిగతా పని సగం తగ్గుతుంది.

ఎలా చదవాలో ఒక ఉదాహరణ చెప్తాను. అంతర్యుద్ధం మధ్యలో అధ్యక్షుడు లింకన్ 1863 జనవరి 1న ఇచ్చిన విముక్తి ప్రకటన. "ఆ రోజుతో అమెరికాలో బానిసలందరికీ విముక్తి కలిగింది" అని ఎంతమంది రాస్తారో లెక్కలేదు. ఆ ప్రకటన తెరిచి చదువు, రెండు పేజీలకి మించదు. అందులో రాష్ట్రాల పేర్లు వరసగా ఉంటాయి, అవన్నీ తిరుగుబాటు చేసిన రాష్ట్రాలే. లూసియానాలో, వర్జీనియాలో కొన్ని ప్రాంతాల్ని పేరుపెట్టి మరీ మినహాయించాడు. యూనియన్‌తోనే, అంటే లింకన్ ప్రభుత్వంతోనే ఉండిపోయిన కెంటకీ, మిస్సోరి, మేరీలాండ్, డెలావేర్‌లలోనూ బానిసత్వం ఉంది, వాటి ఊసే లేదు. ఎందుకు లేదు? లింకన్ దీన్ని సైన్యాధిపతిగా, యుద్ధంలో తీసుకున్న చర్యగా ఇచ్చాడు, ఆ మాట ప్రకటనలోనే ఉంది. శత్రువు చేతిలో ఉన్న చోట తప్ప ఆ అధికారం చెల్లదు. అలా అని అది ఉత్త కాగితమా అంటే కాదు. విముక్తులైన వాళ్లని సైన్యంలో చేర్చుకుంటామని అందులోనే ఉంది, యుద్ధం ముగిసేనాటికి సుమారు 1,80,000 మంది నల్లజాతి సైనికులు యూనియన్ తరఫున పనిచేశారు. ఇంక మన టెక్సస్‌లో ఆ కబురు గాల్వెస్టన్‌లో సైన్యం దిగి చదివి వినిపించేసరికి 1865 జూన్ 19 అయింది, అదే ఇప్పుడు మనకి జూన్‌టీన్త్ సెలవు. దేశమంతా బానిసత్వం రద్దయింది ఆ డిసెంబరులో, రాజ్యాంగానికి చేసిన 13వ సవరణతో. చూశావా, రెండు పేజీల పత్రంలోంచి ఎన్ని ప్రశ్నలు వచ్చాయో. ఎవరు రాశారు, ఎప్పుడు, ఎవర్ని ఉద్దేశించి, ఏ అధికారంతో, ఏది రాయకుండా వదిలేశారు, ఇవి ప్రతి పత్రం దగ్గరా అడుగుతూ మార్జిన్‌లో రాసుకుంటూ పో.

ఇంకో ప్రశ్న నీకు ఖాయంగా వస్తుంది: అంతర్యుద్ధం బానిసత్వం కోసమా, రాష్ట్రాల హక్కుల కోసమా? ఇక్కడ పుట్టి పెరిగిన పిల్లలు కొందరు ఇంట్లో విన్న జవాబుతో వస్తారు, నీకు ఆ బరువు లేదు, అది నీకు మంచిదే. విడిపోయిన దక్షిణాది రాష్ట్రాల్లో కొన్ని ఎందుకు విడిపోతున్నామో తామే రాసి అచ్చు వేసుకున్నాయి. మిసిసిపీ ప్రకటన రెండో వాక్యంలోనే, తమ స్థితి బానిసత్వ వ్యవస్థతో పూర్తిగా ముడిపడి ఉందని చెప్పేస్తుంది. 1861 ఫిబ్రవరిలో టెక్సస్ ఇచ్చిన ప్రకటన అయితే ఈ ప్రభుత్వాల్ని తెల్లవాళ్లు తమ కోసమే ఏర్పాటు చేసుకున్నారని నిర్మొహమాటంగా అంటుంది. దక్షిణ కరోలినా ప్రకటన ఇంకా జాగ్రత్తగా చదువు. వాళ్ల ఫిర్యాదుల్లో ఒకటి ఏమిటంటే, పారిపోయిన బానిసల్ని ఉత్తరాది రాష్ట్రాలు తిరిగి అప్పగించడం లేదని, న్యూయార్క్‌లో అయితే బానిసని వెంటబెట్టుకుని ప్రయాణం చేసే హక్కు కూడా లేదని. అంటే న్యూయార్క్ తన చట్టం తాను చేసుకోవడం వాళ్లకి కోపం తెప్పించింది! రాష్ట్రాల హక్కులే వాళ్లకి ముఖ్యమైతే ఈ ఫిర్యాదు ఎందుకుంటుంది? ఈ ఒక్క ప్రశ్న పట్టుకుంటే నీ వ్యాసం నిలబడుతుంది. విడిపోయిన రాష్ట్రాలు పెట్టుకున్న కొత్త ప్రభుత్వం కాన్ఫెడరసీకి ఉపాధ్యక్షుడైన అలెగ్జాండర్ స్టీఫెన్స్ 1861 మార్చిలో సవానాలో ఇచ్చిన ప్రసంగం కూడా చదువు, కొత్త ప్రభుత్వానికి మూలరాయి ఏదో అతనే చెప్తాడు, నల్లవాడు తెల్లవాడితో సమానం కాడన్నదే ఆ రాయి అంటాడు. యుద్ధం ఓడిపోయాక అతనే పుస్తకం రాస్తూ మాట మార్చి రాష్ట్రాల హక్కుల దగ్గరికి వచ్చాడు. ముందు రాసింది, ఓడాక రాసింది పక్కపక్కన పెట్టడం, అదే చరిత్ర చదవడమంటే. ఇవి చదివేటప్పుడు మనసు చాలా బాధపడుతుంది, ఆ బాధని పక్కన పెట్టేయమని నేను చెప్పను, కానీ వ్యాసంలో పత్రాన్నే మాట్లాడనివ్వు.

పాత ఇంగ్లిష్ నీకు మొదట్లో ఇబ్బందిగానే ఉంటుంది. వాక్యం ఒక పేరా పొడుగు ఉంటుంది. పైకి చదువు, క్రియ ఎక్కడుందో వెతుక్కో, వాక్యాన్ని నీ మాటల్లో తెలుగులో అయినా సరే రాసుకో. బానిసత్వం నుంచి తప్పించుకుని దాని మీదే పోరాడిన ఫ్రెడరిక్ డగ్లస్ 1852 జూలై 5న రోచెస్టర్‌లో ఇచ్చిన ప్రసంగం ఎలాగూ ఇస్తారు, మీ జూలై నాలుగు, అంటే మీ స్వాతంత్ర్య దినం, బానిసకి ఏమిటి అని అడుగుతాడు అందులో. దాన్ని మాత్రం కళ్లతో కాదు, గొంతెత్తి చదవాలి.

ఇదంతా ఎవరి కథో అనిపిస్తుందేమో నీకు. బోస్టన్‌లో 1773 డిసెంబరులో సముద్రంలో పారబోసిన టీ ఈస్టిండియా కంపెనీది. అదే కంపెనీ అంతకు ఏడేళ్ల ముందు, 1766లో, నిజాంతో ఒప్పందం చేసుకుని మన ఉత్తర సర్కారుల్ని చేజిక్కించుకుంది. 1781లో యార్క్‌టౌన్‌లో వాషింగ్టన్ సేనలకి లొంగిపోయిన కార్న్‌వాలిస్ 1786లో గవర్నర్ జనరల్‌గా కలకత్తా వచ్చాడు, 1793లో బెంగాల్లో శాశ్వత శిస్తు నిర్ణయం చేశాడు, ఆ జమీందారీ పద్ధతే 1802 నుంచి మన విజయనగరం వైపు కూడా వచ్చింది. తాతగారు చెప్పే జమీందారుల కథలకీ నీ సిలబస్‌కీ మధ్య దూరం అంతే. అలాగే 1790లో పౌరసత్వం "స్వేచ్ఛాపరులైన తెల్లవారికి" మాత్రమే అని చేసిన చట్టం మొదటి కోర్సులో ఒక్క లైనుగా వెళ్లిపోతుంది, దాన్ని గుర్తుపెట్టుకో. రెండో కోర్సులో 1923 దగ్గరికి వచ్చేసరికి ఆ లైను ఆధారంగానే అమెరికా సుప్రీంకోర్టు భగత్ సింగ్ థింద్ అనే పంజాబీకి, అమెరికా సైన్యంలో పనిచేసిన మనిషికి, నువ్వు పౌరుడివి కాలేవు అని తీర్పు చెప్పింది. భారతీయులకి ఆ దారి తెరుచుకుంది 1946లో, అప్పుడు కూడా ఏడాదికి వంద మంది కోటా. మనలాంటివాళ్లు ఇంతమంది ఇక్కడికి రాగలిగింది 1965 వలస చట్టం వచ్చాకే, ఆ చట్టం పౌరహక్కుల ఉద్యమం రోజుల్లోదే. డిస్కషన్‌లో ఇలాంటివి నువ్వు రాయగలవు, పక్కవాళ్లు రాయలేరు. కాకపోతే ఇచ్చిన పత్రంతో ముడి ఉన్నప్పుడే రాయి.

డిస్కషన్ బోర్డు సంగతి. మామూలుగా వారం మధ్యలో నీ పోస్టు, ఆదివారం రాత్రి 11:59 లోపు ఇద్దరికి జవాబులు. "చాలా బాగా రాశావు, నేనూ ఒప్పుకుంటాను" అంటే మార్కులు రావు. ఎదుటివాళ్ల మాట కాదనడం మర్యాద కాదని మనకి చిన్నప్పటి నుంచీ ఉంది కదా, ఇక్కడ కాదనమనే అడుగుతారు. "రెండో పేరాలో ఈ మాట ఉంది, అది నువ్వన్నదానికి సరిపోవడం లేదు" అని పత్రం చూపించి చెప్పు, ఎవరూ నొచ్చుకోరు.

వ్యాసంలో నీ జవాబు మొదటి పేరాలోనే చెప్పేయి. "మానవ నాగరికత మొదలైనప్పటి నుంచి" అని మొదలుపెట్టకు. పత్రంలోంచి చిన్న ముక్క ఎత్తిరాయి, వెంటనే అది నీ వాదనకి ఎలా పనికొస్తుందో రెండు మూడు వాక్యాల్లో చెప్పు. ఫుట్‌నోట్లు చాలాచోట్ల షికాగో పద్ధతిలో అడుగుతారు, లైబ్రరీ వాళ్లని చాట్‌లో అడిగితే ఓపిగ్గా చెప్తారు. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు దించితే మన దగ్గర బాగా చదివింది అంటారు, ఇక్కడ దొంగతనం అంటారు, ఆ మాట రికార్డులోకి ఎక్కుతుంది. చాట్‌జీపీటీ విషయం సిలబస్‌లో ఏముందో అక్షరం అక్షరం చదువు. అది లేని పుస్తకాలకి పేజీ నంబర్లు కూడా వేసి ఇస్తుంది, దాన్ని నమ్మి పెట్టి దొరికిపోయిన పిల్లల్ని చూశాను. నేషనల్ ఆర్కైవ్స్, లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్, యేల్ వాళ్ల అవలాన్ ప్రాజెక్టు, అసలు పత్రాలన్నీ వీటిల్లో ఉచితంగా దొరుకుతాయి. పాఠ్యపుస్తకం కూడా ఓపెన్‌స్టాక్స్‌ది ఉచితమే, కొనమని సిలబస్ చెప్పకపోతే డబ్బులు పెట్టకు.

ఎనిమిది వారాల కోర్సు అంటే పదహారు వారాల సరుకే, సగం సమయంలో. వారానికి పన్నెండు, పదిహేను గంటలు తీసి పెట్టుకో, అంత కుదరదనుకుంటే ఇప్పుడే పదహారు వారాల సెక్షన్‌కి మారు. పరీక్షకి కెమెరా, వేరే పేజీలు తెరవనివ్వని లాక్‌డౌన్ బ్రౌజర్ లాంటివి ఉంటే ప్రాక్టీస్ క్విజ్‌తో ముందే చూసుకో, పరీక్ష రోజు టెన్షన్ వద్దు. ప్రొఫెసర్ ఆఫీస్ అవర్స్‌కి జూమ్‌లో మొదటి రెండు వారాల్లోనే ఒకసారి వెళ్లు. "అర్థం కాలేదు" అనకుండా, "ఈ పత్రంలో ఈ వాక్యాన్ని నేను ఇలా చదివాను, సరేనా" అని అడుగు. అలా అడిగిన పిల్లల్ని వాళ్లు గుర్తుపెట్టుకుంటారు, తర్వాత సిఫారసు ఉత్తరం కావాల్సి వచ్చినప్పుడు అదే పనికొస్తుంది.

బయటివాళ్లకి చూపించొచ్చని సిలబస్‌లో ఉంటే నీ మొదటి వ్యాసం డ్రాఫ్టు గడువుకి నాలుగు రోజుల ముందు నాకు పంపు. నేను ఒక్క మాట కూడా దిద్దను. ఆధారం చూపించకుండా ఎక్కడ అనేశావో అక్కడ గీత గీసి వెనక్కి పంపుతాను, మిగతాది నువ్వే చూసుకో.

ప్రేమతో,
పెద్దమ్మ