అమ్మానాన్నలు విమానం ఎక్కకముందే

కొత్తగా ఇక్కడ అమెరికాలో స్థిరపడిన పిల్లలు ఈమధ్య నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటే. "వచ్చే వేసవిలో అమ్మానాన్నల్ని పిలిపించుకుంటున్నాం, ఏమేమి చూసుకోవాలి?" నేను ఒహాయో వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. మా అమ్మ నాలుగుసార్లు, మా అత్తగారూ మామగారూ మూడుసార్లు వచ్చి వెళ్ళారు. ఆవకాయ జాడీకి ఎన్ని కవర్లు చుట్టాలో, ఏ సూట్‌కేసు ఎన్ని కిలోలు తూగుతుందో అందరం నెల ముందునుంచీ లెక్కలు వేసుకుంటాం. మందుల సంగతి మాత్రం ప్రయాణానికి ముందురోజు రాత్రికి వదిలేస్తాం. నన్నడిగితే మొదలుపెట్టవలసింది మందులతోనే.

మా అమ్మ మొదటిసారి వచ్చినప్పుడు మందులన్నీ పాత మిఠాయి డబ్బాలో పెట్టి తెచ్చింది. ఊళ్ళో మందుల షాపులో పదిహేను రోజులకు సరిపడా కత్తెరతో కత్తిరించి ఇచ్చిన ముక్కలవి. ఒకదాని మీద పేరులో చివరి మూడక్షరాలే మిగిలాయి. ఇంకోదాని మీద ధర ఉంది, గడువు తేదీ ఉన్న భాగం షాపులోనే ఉండిపోయింది. "ఇవి దేనికమ్మా?" అంటే, "తెల్లది పొద్దున, గులాబీ రంగుది రాత్రి అన్నం తిన్నాక" అంది. ఇంట్లో రోజులు గడవడానికి ఆ గుర్తులు సరిపోతాయి. రాత్రి రెండు గంటలకు ఆసుపత్రిలో నర్సు అడిగినప్పుడు సరిపోవు.

అందుకని ముందుగా చేయవలసిన పని ఇది. వాళ్ళు రోజూ చూపించుకునే డాక్టరు దగ్గరికి వెళ్ళి ఇంగ్లీషులో స్పష్టంగా, వీలైతే టైపు చేయించిన చీటీ తెచ్చుకోమనండి. అందులో ప్రతి మందుకూ కంపెనీ పెట్టిన పేరుతోపాటు అసలు మందు పేరు ఉండాలి. ఎన్ని మిల్లీగ్రాములు, రోజుకు ఎన్నిసార్లు, ఏ జబ్బుకు అన్నది కూడా ఉండాలి. మన దగ్గర ఇంటింటా తెలిసిన పేర్లు ఇక్కడి డాక్టర్లు ఎన్నడూ విని ఉండరు. టెల్మా అంటే తెలియదు, టెల్మిసార్టాన్ అంటే తెలుసు. గ్లైకోమెట్ అంటే మెట్‌ఫార్మిన్ అని, థైరోనార్మ్ అంటే లీవోథైరాక్సిన్ అని, ఎకోస్ప్రిన్ అంటే ఆస్పిరిన్ అని కాగితమే చెప్పాలి. మనం పారాసిటమాల్ అనేదాన్ని ఇక్కడ అసిటమినోఫెన్ అంటారు. ఈ ఒక్క పేరూ తెలియక ప్రమాదం తెచ్చుకునేవాళ్ళున్నారు. ఊరినుంచి తెచ్చుకున్న డోలో వేసుకుని, జలుబుకని ఇక్కడ కొన్న మందు కూడా తాగుతారు. చాలా జలుబు మందుల్లో అసిటమినోఫెన్ కలిసే ఉంటుంది. రెండూ కలిస్తే మోతాదు మించి కాలేయం దెబ్బతినవచ్చు. డబ్బా వెనుక అక్షరాలు ఎంత చిన్నవైనా చదివి గాని ఇవ్వకండి.

మన దగ్గర మామూలుగా వాడే నిమెసులైడ్, డోమ్‌పెరిడోన్ వంటి మందులకు అమెరికాలో అసలు అనుమతి లేదు. డోమ్‌పెరిడోన్ అంటే గ్యాసుకని వేసుకునే పాన్-డి లో రెండో మందు. అవి రోజూ వాడేవారైతే బయల్దేరే ముందే డాక్టరును అడిగి ప్రత్యామ్నాయం రాయించుకోవాలి. యాంటీబయాటిక్ మాత్రలు ఇక్కడ డాక్టరు చీటీ లేకుండా దొరకవు.

ఎన్ని రోజులకు తెచ్చుకోవాలి? సొంత వాడకానికి 90 రోజులకు మించకుండా తెచ్చుకోవడం ఇక్కడ సాధారణంగా పాటించే నియమం. కత్తిరించని పూర్తి షీట్లు, షాపువాళ్ళు ఇచ్చిన బిల్లు, డాక్టరు చీటీ కలిపి ఉంచాలి. ఆరు నెలలు ఉండేవాళ్ళయితే మిగతా మూడు నెలలకూ ఇక్కడే ఒక డాక్టరుకు చూపించి చీటీ రాయించుకోవడం మంచిది. మెట్‌ఫార్మిన్ వంటి పాత మందుల జనరిక్ రకాలు కొన్ని పెద్ద దుకాణాల మందుల విభాగంలో నెలకు కొద్ది డాలర్లకే వస్తాయి. అమెరికాలో అన్ని మందులూ లక్షలు పోసి కొనాలని భయపడనక్కరలేదు. ముందు ధర అడగండి, రెండు మూడు చోట్ల అడగండి.

మందులన్నీ చేతిసంచీలోనే ఉండాలి. ఇన్సులిన్ అయితే మరీ ముఖ్యం. కింద సామాను అరలో అది గడ్డకట్టి పనికిరాకుండా పోవచ్చు, సామాను ఒక రోజు ఆలస్యంగా రావచ్చు కూడా. ఇన్సులిన్, సిరప్పుల వంటి ద్రవ మందులకు 100 మిల్లీలీటర్ల పరిమితి వర్తించదు, తనిఖీ దగ్గర ముందుగా చెప్పి చూపిస్తే చాలు. పగలు రాత్రి తారుమారవుతాయి కనుక ఇన్సులిన్ ఏ వేళకు వేసుకోవాలో మాత్రం డాక్టరుతో రాయించుకోవలసిందే, మనం ఊహించి చెప్పకూడదు. పళ్ళ నొప్పి, కళ్ళజోడు పనులు అక్కడే ముగించుకుని రావాలి. సందర్శకుల బీమాలు వాటిని దాదాపు పట్టించుకోవు.

ఇక బీమా. వీసా మీద వచ్చిన తల్లిదండ్రులకు ఇక్కడి మెడికేర్, అంటే పెద్దవాళ్ళకు ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా, రాదు. ప్రైవేటు సందర్శక బీమాయే దిక్కు. వాటిలో రెండు రకాలు. ఒకటి ప్రతి చికిత్సకూ ఇంత అని ముందే నిర్ణయించిన మొత్తం మాత్రమే ఇస్తుంది. ప్రీమియం తక్కువ, ఆసుపత్రి బిల్లు ముందు ఆ మొత్తం ఏ మూలకూ రాదు. రెండోది మన వాటా పోను మిగిలిన ఖర్చులో పెద్ద భాగం పాలసీ పరిమితి వరకు భరిస్తుంది. స్తోమత ఉంటే రెండోదే తీసుకోండి. ముందునుంచీ ఉన్న బీపీ, షుగర్, గుండెజబ్బుల విషయంలో "అకస్మాత్తుగా తలెత్తిన సమస్య"కు ఇస్తారా ఇవ్వరా, ఎంతవరకు ఇస్తారు, ఏ వయసు వరకు ఇస్తారు అన్న మూడు వాక్యాలు పాలసీలో వెతికి చదవండి. డెబ్బై దాటినవారికి పరిమితులు బాగా తగ్గిపోతాయి.

ఆ "అకస్మాత్తుగా" అన్న వాక్యం విలువ నాకు మా అమ్మ మూడోసారి వచ్చిన ఫిబ్రవరిలో తెలిసింది. బయట మోకాలి లోతు మంచు. రాత్రి భోజనమయ్యాక అమ్మ వంటింట్లో నిలబడి వాము నములుతోంది. "గ్యాస్ పట్టేసినట్టుంది, పడుకుంటే తగ్గుతుందిలే" అంది. నుదుటి మీద చెమట చూశాను. ఇల్లు చల్లగా ఉంది, నేను శాలువా కప్పుకుని ఉన్నాను, ఆమె జాకెట్టు తడిసిపోయింది. దవడ పట్టేసినట్టుందా అంటే అవునంది. వెంటనే ఇక్కడి అత్యవసర నంబరు 911కు ఫోను చేశాను. వచ్చినవాళ్ళు ముందు అడిగింది ఏ మందులు వాడుతుందని. ఆపాటికి కాగితం రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించి ఉంది కనుక తీసి చేతికిచ్చాను.

ఆసుపత్రిలో డాక్టరు ఎన్ని అడిగినా అమ్మ నా వైపు చూసి "ఏమీ లేదని చెప్పు, బాగానే ఉన్నానని చెప్పు" అనేది. నేనూ కంగారులో ఆమె మాటలే ఇంగ్లీషులోకి మార్చి చెబుతున్నాను. ఒక నర్సు నన్ను ఆపి, ఫోనులో తెలుగు దుబాసీని పిలిచింది. గుర్తుతెలియని ఆ గొంతు "అమ్మా, ఈ నొప్పి ఎప్పటినుంచి ఉందండీ?" అని అడగగానే అమ్మ చెప్పేసింది. "పొద్దుటినుంచీ ఉంది బాబూ. అమ్మాయి ఆఫీసు పని చెడిపోతుందని చెప్పలేదు." పొద్దుటినుంచీ అన్న ఆ ఒక్క మాటతో డాక్టర్ల నడకే మారిపోయింది. ఆ రాత్రే గుండె రక్తనాళంలో స్టెంట్ వేశారు.

అందుకే చెబుతున్నాను, దుబాసీని అడగండి. ప్రభుత్వ నిధులు తీసుకునే ఆసుపత్రులు భాష రాని రోగికి దుబాసీని ఉచితంగా ఏర్పాటు చేయాలి. ఇక్కడి పెద్ద ఆసుపత్రుల్లో చాలావరకు ఈ కోవలోవే. మీకు ఇంగ్లీషు ఎంత బాగా వచ్చినా సరే, తల్లిదండ్రులు పిల్లల ముందు నొప్పిని తగ్గించి చెబుతారు. పైగా మన మాటలు నేరుగా మారవు. కళ్ళు తిరుగుతున్నాయన్న మాటను ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో పెడితే డాక్టరు కంటిజబ్బు అనుకుంటాడు. వేడి చేసిందంటే జ్వరమనుకుంటాడు. గుండెల్లో మంట, గుండెల్లో బరువు, ఆయాసం, నీరసం, ఇవి నాలుగూ వేరువేరు సంగతులు. కూర్చుని ఒక సాయంత్రం వాటికి సరైన ఇంగ్లీషు మాటలు ఆ కాగితం వెనుక రాసి పెట్టుకోండి.

వాళ్ళు ఇంట్లో ఒంటరిగా ఉన్నప్పుడు 911కు ఎలా ఫోను చేయాలో నేర్పండి. ఫోను తాళం తీయకుండానే అత్యవసర పిలుపు ఎక్కడ నొక్కాలో వాళ్ళ చేతనే చూపించమనండి. ఇంటి చిరునామా పెద్ద అక్షరాలతో, తెలుగులోనే, ఫ్రిజ్ మీద ఉండాలి. మూతి వంకర పోయినా, ఒక చెయ్యి బలహీనపడినా, మాట తడబడినా తగ్గుతుందేమోనని చూస్తూ కూర్చోకూడదు. పక్షవాతంలో గడ్డ కరిగించే మందు సాధారణంగా నాలుగున్నర గంటలలోపే ఇస్తారు. చివరిసారి మామూలుగా ఉన్నది ఏ వేళకో గడియారం చూసి గుర్తుపెట్టుకోండి.

బీమా లేకపోయినా, డబ్బు లేకపోయినా అత్యవసర విభాగం రోగిని పరీక్షించి, ప్రాణాపాయం లేని స్థితికి తేవలసిందే. 1986లో వచ్చిన చట్టం అది. డబ్బుకు జంకి ఎవ్వరూ ఆగకూడదు. తర్వాత బిల్లు వచ్చినప్పుడు ప్రతి అంశం విడివిడిగా రాసి ఉన్న బిల్లు అడగండి. లాభాపేక్ష లేని ఆసుపత్రులన్నిటికీ ఆర్థిక సహాయ విధానం రాతపూర్వకంగా ఉండి తీరాలి, ఆ దరఖాస్తు అడిగి తీసుకోండి. మా బీమా కంపెనీ ఆరు నెలలపాటు అమ్మ పాత రిపోర్టులన్నీ తెప్పించుకుంది. అమ్మకు ముందునుంచీ బీపీ ఉండటమే కారణం. అంత జరిగినా ఆ "అకస్మాత్తుగా" అన్న వాక్యం వల్ల చివరికి చెల్లించింది. ప్రాణం మీదికి రాని జ్వరం, చిన్న గాయం, మూత్రంలో మంట వంటివాటికి అర్జెంట్ కేర్ అనే చిన్న క్లినిక్‌కు తీసుకువెళ్ళండి. ఖర్చు ఎన్నో రెట్లు తక్కువ.

ప్రయాణం గురించి కొంచెం. టికెట్టు కొనేటప్పుడే వీల్‌చైర్ అడగండి, మళ్ళీ 48 గంటల ముందు ఖాయం చేసుకోండి. అమెరికా వచ్చే విమానాల్లో దానికి రుసుము లేదు. "నాకెందుకు, నడవలేనా" అని మామగారు పట్టుబట్టారు గాని, నిజానికి అది నడక కోసం ఒక్కటే కాదు, తప్పిపోకుండా వెంట ఒక మనిషి ఉంటాడు. సాధారణంగా అమెరికాలో మొదట దిగిన ఊళ్ళో సామాను తీసుకుని, కస్టమ్స్ దాటి, మళ్ళీ అప్పగించి రెండో విమానం ఎక్కాలి. సామాను నేరుగా వస్తుందనుకుని వదిలేసి వచ్చేవాళ్ళు ఎక్కువ. అబుధాబి మీదుగా వస్తే మాత్రం అమెరికా తనిఖీ అక్కడే అయిపోతుంది. విమానంలో రెండు గంటలకోసారి లేచి నడవమనండి, నీళ్ళు తాగమనండి, కాళ్ళల్లో రక్తం గడ్డకట్టకుండా ఉంటుంది.

దుబాయి, అబుధాబి మీదుగా వచ్చేవారు గసగసాలు పొరపాటున కూడా పెట్టుకోవద్దు. మనకు అది కూరలో వేసే దినుసు, అక్కడ నిషేధించిన మత్తు పదార్థాల కిందికి వస్తుంది. ట్రమడాల్, కోడీన్ ఉన్న మందులకూ అక్కడ కఠినమైన నిబంధనలున్నాయి. అమెరికాలోకి పచ్చి కరివేపాకు తేకూడదు. నిమ్మజాతి చెట్లను చంపే తెగులును మోసే పురుగు కరివేపాకు మీద బతుకుతుంది. మటన్, చికెన్ పచ్చళ్ళు కూడా కుదరవు. తెచ్చిన తినుబండారాలన్నీ పత్రంలోనో నోటితోనో చెప్పేయాలి. చెబితే మహా అయితే తీసి పారేస్తారు, దాస్తే జరిమానా.

విమానం దిగాక ఇమ్మిగ్రేషన్ అధికారి ఎన్నాళ్ళుంటారు, ఎవరి దగ్గర ఉంటారు అని అడుగుతాడు. ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. తెలుగు తప్ప రానివారు దుబాసీ కావాలని అడగవచ్చు. వీసా పదేళ్ళు ఉందని పదేళ్ళు ఉండటం కుదరదు. ఎన్నాళ్ళు ఉండవచ్చో చెప్పేది ఐ-94 అనే ప్రవేశ పత్రంలోని తేదీ, అది సాధారణంగా ఆరు నెలలు. ఇంటికి చేరిన మర్నాడే ఆ తేదీ ఇంటర్నెట్‌లో తీసి అచ్చువేసి పెట్టుకోండి. పొడిగింపు కావాలంటే గడువుకు కనీసం 45 రోజుల ముందే ఐ-539 దరఖాస్తు పంపండి.

ఇంటికి వచ్చాక మొదటి వారం నాన్నగారితో కలిసి నడవండి. మన ఊళ్ళో రోడ్డు దాటేముందు కుడివైపు చూసే అలవాటు. ఇక్కడ బండి ఎడమవైపునుంచి వస్తుంది. మామగారు అలా కుడివైపు చూస్తూ అడుగు వేసినప్పుడు చొక్కా పట్టుకుని వెనక్కి లాగవలసి వచ్చింది. తర్వాత వారం రోజులు రోడ్డు అంచున ఆగి "ఎడమ, కుడి, మళ్ళీ ఎడమ" అని పైకి అనుకుంటూనే దాటేవారు. ఎండుమిరపకాయల పోపుకు పొగ అలారం మోగితే భయపడవద్దని అమ్మకు ముందే చెప్పండి. కిటికీ తీసి తువ్వాలుతో విసరడం చాలు, బ్యాటరీ మాత్రం పీకవద్దని చెప్పండి. నూనె అంటుకుంటే నీళ్ళు పోయకూడదు, మూత పెట్టి పొయ్యి ఆపాలి. చలికాలం వచ్చినవారికి కాలిబాట మీద కంటికి కనబడని పలుచని మంచు పొర ఉంటుంది. మామూలు చెప్పులతో దాని మీద అడుగు వేయనివ్వకండి, పట్టు ఉన్న బూట్లు ముందే కొని ఉంచండి.

పగలంతా ఇంట్లో నాలుగు గోడల మధ్య ఉండటం వాళ్ళకు జబ్బుకన్నా బరువు. దగ్గరలోని గుడి, గ్రంథాలయం, తోటి తెలుగు పెద్దలు సాయంత్రం కలిసే పార్కు, వీటిలో ఒక్కటైనా వాళ్ళంతట వాళ్ళు నడిచి వెళ్ళగలిగే దారి చూపించండి. అమ్మ వారంలో రెండు రోజులు పక్క వీధి పెద్దావిడతో కలిసి నడిచిన నెలల్లో ఒక్కసారి కూడా నిద్ర పట్టలేదని అనలేదు.

తిరిగి వెళ్ళే ముందు ఇక్కడ చేసిన పరీక్షల కాపీలు, డిశ్చార్జి కాగితం, కొత్తగా రాసిన మందుల అసలు పేర్లు అన్నీ ఒక ఫైలులో పెట్టి చేతిసంచీలో వేయండి, ఫోనులో ఫొటోలు కూడా తీసి పెట్టండి. అమ్మ ఆ ఫైలు తీసుకుని ఊళ్ళో డాక్టరు దగ్గరికి వెళితే, స్టెంట్ రకం, వేసిన తేదీ చూసి ఆయన అదే రోజు మందులు సరిచేసి ఇచ్చారు.