టెక్ సందేహాలు: బ్యాటరీ, డైనమో మార్చినా మొరాయిస్తున్న డీజిల్ కారు

ప్రశ్న: మాది 2013 నాటి డీజిల్ హ్యాచ్‌బ్యాక్. కొన్ని నెలలుగా ఉదయం పూట సెల్ఫ్ ఒక్కోసారి అందుకోవడం లేదు. నడుస్తుండగా ఏబీఎస్, స్టీరింగ్, ఇంజిన్ లైట్లు ఒక్కసారిగా వెలిగి, కాసేపటికి వాటంతట అవే ఆరిపోతున్నాయి. కొత్త బ్యాటరీ వేయించాం, డైనమో మార్పించాం. స్కాన్ చేసిన ప్రతిసారీ వేరే లోపాల కోడ్‌లు వస్తున్నాయి. ఇప్పుడు ఈసీఎం (ఇంజిన్‌ను నియంత్రించే కంప్యూటర్) మార్చాలంటున్నారు. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు కారు సీట్ల కింది వరకు మునిగింది. ఏం చేయమంటారు?
- ఒక పాఠకుడు, అజిత్‌సింగ్‌నగర్, విజయవాడ

జవాబు: ఈసీఎం జోలికి ఇప్పుడే వెళ్లకండి. మూడు వేర్వేరు వ్యవస్థల లైట్లు ఒకేసారి వెలిగి ఒకేసారి ఆరిపోతున్నాయంటే, మూడూ కలిసి పాడయ్యాయనుకోవడం కంటే, మూడింటికీ ఉమ్మడిగా ఉన్న కరెంటు సరఫరాలోనో, ఎర్త్‌లోనో (కరెంటు బాడీ గుండా బ్యాటరీకి తిరిగి వెళ్లే దారి), మాడ్యూళ్ల (కారులోని చిన్న కంప్యూటర్ల) మధ్య సమాచారం మోసే క్యాన్ తీగల్లోనో లోపం ఉందనుకోవడం సబబు. వోల్టేజీ పడిపోయినప్పుడు ప్రతి మాడ్యూలూ తనకు తెలిసిన ఫిర్యాదును నమోదు చేసుకుంటుంది. కోడ్‌లు రోజుకొకటి మారడానికి కారణం చాలాసార్లు ఇదే. వాటిలో వోల్టేజీ తక్కువైందని చెప్పే పీ0562, ఈసీఎంతో సంబంధం తెగిందని చెప్పే యూ0100 ఉంటే నా అనుమానం మరింత బలపడుతుంది.

మీ ఉత్తరంలో అన్నిటికంటే ముఖ్యమైన మాట చివర్లో రాసిన వరద సంగతి. కార్పెట్ కింద, డోర్ల గడప వెంట పోయే వైరింగ్ కనెక్టర్లలోకి బురదనీరు చేరితే, పైకి అంతా ఆరిపోయినట్టు కనిపించినా లోపల పిన్నులకు ఆకుపచ్చ చిలుము పట్టి, నెలల తరువాత ఇబ్బంది మొదలవుతుంది. బాడీకి బోల్టు వేసి బిగించే ఎర్త్ పాయింట్ల కింద తుప్పు చేరినా ఇదే జరుగుతుంది.

ఇక్కడ ఎలక్ట్రీషియన్లు సాధారణంగా చేసేది మీటరును బీప్ మోడ్‌లో పెట్టి ఎర్త్ తీగ రెండు చివర్లా తాకించి, శబ్దం వచ్చింది కనుక తీగ బాగుందని తేల్చడం. ఈ పరీక్ష చాలదు. డీజిల్ ఇంజిన్‌లో కంప్రెషన్ ఎక్కువ కాబట్టి దాన్ని తిప్పడానికి సెల్ఫ్ వందల ఆంపియర్లు లాగుతుంది. దారిలో ఎక్కడైనా 0.01 ఓమ్ అదనపు నిరోధం ఉంటే, 200 ఆంపియర్ల దగ్గర అక్కడే 2 వోల్టులు పోతాయి. మామూలు మల్టీమీటరుకు 0.01 ఓమ్ కనిపించదు, దాని తీగల నిరోధమే అంతకంటే ఎక్కువ. పదింట తొమ్మిది పోగులు తెగిన ఎర్త్ తీగ కూడా బీప్ మోడ్‌లో చక్కగా మోగుతుంది. కాబట్టి కొలవవలసింది ఓమ్‌లు కాదు, కరెంటు పారుతున్నప్పుడు పోతున్న వోల్టేజీ.

మీటరును డీసీ వోల్టుల్లో పెట్టి, ఒక మొన బ్యాటరీ నెగటివ్ ధ్రువం మీద (క్లాంపు మీద కాదు, ధ్రువం మీదే), రెండో మొన ఇంజిన్ లోహం మీద శుభ్రమైన చోట ఉంచి, ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమనండి. అర వోల్టు దాటితే ఇంజిన్ ఎర్త్ పట్టీలోనో, బ్యాటరీ క్లాంపులోనో లోపం ఉన్నట్టే. తరువాత ఇంజిన్ నడుపుతూ హెడ్‌లైట్లు, ఏసీ బ్లోయరు వేసి, అదే విధంగా బాడీ మీద కొలవండి. అక్కడ 0.2 వోల్టు దాటకూడదు. పాజిటివ్ వైపు, బ్యాటరీకీ సెల్ఫ్ మోటారు పెద్ద నట్టుకూ మధ్య కూడా ఇలాగే చూడాలి. పట్టీ లోపం తేలితే కొత్తది వేయించి, బోల్టు కింది పెయింటు, తుప్పు గీకించండి.

వీటితో పాటు మూడు అంకెలు రాసి పెట్టుకోండి. రాత్రంతా ఆగిన బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర ఉండాలి, సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కంటే కిందికి పోకూడదు, ఇంజిన్ నడుస్తుండగా దాదాపు 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. మొదటి అంకె ఉదయానికి 12.2కు పడిపోతుంటే, కారు ఆగి ఉన్నప్పుడు ఏదో కరెంటు తింటోంది. తాళం వేసి మాడ్యూళ్లన్నీ నిద్రపోయేదాకా, అంటే సుమారు అరగంట నుంచి గంట వరకు, ఆగి కొలిస్తే లీకేజీ 50 మిల్లీఆంపియర్ల లోపు ఉండాలి. అర ఆంపియరు పోతుంటే రోజుకు 12 ఆంపియర్-అవర్లు పోయినట్టే, అంటే రెండు రోజులు బయటికి తీయకపోతే 45 ఆంపియర్-అవర్ల బ్యాటరీ సగానికి పైగా ఖాళీ. బయట వేయించిన స్టీరియో, సెంట్రల్ లాక్, డ్యాష్‌క్యామ్ తీగలను ముందు చూడండి. మన వాతావరణంలో హీటర్ ప్లగ్‌ల (చల్లటి ఇంజిన్ స్టార్ట్ అయ్యేందుకు సిలిండర్లను వేడి చేసేవి) మీద మాత్రం సమయం వృథా చేయవద్దు, చలికాలంలోనూ ఇక్కడ వాటి అవసరం అంతంత మాత్రమే.

ఆటోనగర్‌కు తీసుకువెళితే ఒక్క విషయంలో గట్టిగా ఉండండి. డైనమో పనిచేస్తోందో లేదో చూడటానికి ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ పీకడం పాత మెకానికల్ పంపు కార్ల నాటి అలవాటు. డీజిల్ సరఫరాను కంప్యూటరే నియంత్రించే మీ కామన్‌రైల్ కారులో అలా చేస్తే వోల్టేజీ ఒక్కసారిగా ఎగిరి, ఇంతవరకూ బాగున్న ఈసీఎం నిజంగానే కాలిపోవచ్చు.

ప్రశ్న: ఓబీడీ బ్లూటూత్ డాంగిల్ (కారు లోపాల కోడ్‌లను ఫోన్‌లో చూపే చిన్న పరికరం) కొన్నాను. ఐఫోన్‌కు కలవడం లేదు. దాన్ని కారుకే ఉంచేయవచ్చా?
- ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: చవక డాంగిల్స్‌లో చాలావరకు పాత తరహా బ్లూటూత్‌తో పనిచేస్తాయి, అవి ఆండ్రాయిడ్‌కే కలుస్తాయి. ఐఫోన్‌కు బ్లూటూత్ లో ఎనర్జీ రకమో, వైఫై రకమో తీసుకోవాలి. కారుకే ఉంచేయకండి. చాలా డాంగిల్స్ ఇంజిన్ ఆపినా కరెంటు తీసుకుంటూనే ఉంటాయి, కొన్ని కార్లలో మాడ్యూళ్లను నిద్రపోనివ్వవు కూడా. పని అయ్యాక తీసి డ్యాష్‌బోర్డు అరలో వేయండి. కోడ్‌లు చెరిపే ముందు తెరను ఫొటో తీసుకోండి, ఎందుకంటే లోపం నమోదైన క్షణపు వేగం, ఉష్ణోగ్రత వంటి ఫ్రీజ్ ఫ్రేమ్ వివరాలు కోడ్‌తో పాటే పోతాయి.