సమాధానం: మెల్డ్ 8 దగ్గరే ‘ఇవాళే మార్చండి’ అంటోందా?

సజీవ దాత సిద్ధంగా ఉన్న రోగికి మెల్డ్ (కాలేయ జబ్బు తీవ్రతను చెప్పే స్కోరు) 6 నుంచి 40 దాకా ఎంతున్నా, మీ మార్కోవ్ మోడల్ (రోగి స్థితి రోజురోజుకూ ఎలా మారొచ్చో సంభావ్యతలతో లెక్కించేది) ఈరోజే కాలేయం మార్చమంటోందని రాశారు. తప్పు డిస్కౌంటులో, అంటే ముందు ముందు వచ్చే బతుకు విలువను ఈరోజుకు తగ్గించి లెక్కేసే గుణకంలో ఉందండీ. 0.97 ఏడాది లెక్క; మీరు దాన్ని రోజువారీ మెట్టుకు పెట్టారు. మార్పిడి తర్వాతి ఆయుర్దాయాన్నేమో ఒకే మొత్తంగా వేశారు. ఒక్క రోజు ఆగితే ఆ మొత్తంలో 3 శాతం పోతుంది, చేతికొచ్చేది ఒక్క రోజు బతుకు. నెల ఆగితే మిగిలేది 40 శాతమే. ఇక మోడల్ ఎందుకు ఆగమంటుంది? 0.97కు 365వ మూలం, అంటే సుమారు 0.999917 వాడండి. ఆయుర్దాయాన్నీ రోజుల్లోకి మార్చి అదే రేటుతో తగ్గించండి.

మరణాన్ని విలువ 0 ఉన్న విడి స్థితిగా పెట్టారో లేదో చూడండి. అది లేకుండా, ఒక స్కోరు నుంచి మరోదానికి మారే సంభావ్యతల పట్టికలో వరుసల మొత్తం 1 చేస్తే ఆగడం సురక్షితమన్నట్టు తేలుతుంది.

ఆ తర్వాత కూడా 14లో ఆగు, 15లో మార్చు, 16లో మళ్లీ ఆగు అని వస్తే, చాలామటుకు ఒక్కో స్కోరులో రోగుల సంఖ్య చాలకపోవడమే కారణం. పక్క స్కోర్లను కలిపి సంభావ్యతలను నునుపు చేయండి.

ఏ స్కోరు నుంచి మార్చాలో మోడల్ చెప్పే ఈ హద్దును కాలేయ క్యాన్సర్ రోగులకు మాత్రం వాడకండి. వాళ్ల ముప్పును మెల్డ్ పట్టుకోదు.