డెవలపర్ కాన్ఫరెన్స్‌కి చీటీ పాడుకుని వెళ్లొచ్చా?

ప్రశ్న: నాకు 31 ఏళ్లు. గుంటూరు బ్రాడీపేటలోని ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో బ్యాకెండ్ (తెర వెనక నడిచే సర్వర్ భాగం) పని చేస్తున్నాను. జీతం చేతికి 68,000 వస్తుంది. ఇంటి లోను కిస్తీ 21,000, చీటీ 10,000, ఇంటి ఖర్చు 30,000 పోను నెలకు 7,000 మిగులుతుంది. బ్యాంకులో 1,10,000 ఉంది. భార్య, రెండేళ్ల పాప ఉన్నారు. పైథాన్ వాడేవాళ్లు యూరప్‌లో జరుపుకునే యూరోపైథాన్ కాన్ఫరెన్స్‌కి వెళ్లాలని ఎప్పటినుంచో కోరిక. మొత్తం 2,40,000 అవుతుందని లెక్క వేశాను. నా 3 లక్షల చీటీ 30 నెలలది, తొమ్మిది నెలలు కట్టాను. ఈ నెల పాడేయమంటారా, లేక క్రెడిట్ కార్డు ఈఎంఐ మంచిదా? కంపెనీ సెలవు మాత్రం ఇస్తానంది. ఈ ఖర్చుకి పన్ను మినహాయింపు ఉంటుందా?

జవాబు: మీ కోరికలో తప్పేమీ లేదు. పదేళ్ల అనుభవం ఉన్నవాళ్లు కూడా ఒంటరిగా పని చేస్తూ ఒకే పద్ధతికి అలవాటు పడిపోతారు. అదే సమస్యను వేరేచోట ఎలా తీర్చారో ఎదురుగా కూర్చుని అడిగే అవకాశం ఇలాంటి సభల్లోనే దొరుకుతుంది. అయితే ఈ ఏడాది యూరప్ వద్దు. చీటీ పాడొద్దు, కార్డూ గీకొద్దు. మిగుల్తున్న 7,000లో సగంతో ముందు మన దేశంలో జరిగే ఇలాంటి పైథాన్ సభ, పైకాన్ ఇండియాకి వెళ్లండి. ఎందుకో లెక్కతో చెబుతాను.

ఈ నెల చీటీ పాట 66,000 దగ్గర ఆగిందనుకుందాం. మీ చేతికి వచ్చేది 2,34,000. ఆ 66,000లో సంస్థ కమీషన్ 21,000. 2019 సవరణ తర్వాత చిట్ ఫండ్ చట్టం అనుమతించే గరిష్ఠం 7 శాతం, అంతే పడుతుందని అనుకుంటున్నాను. మిగతా 45,000 ముప్పై మందికి తలా 1,500 డివిడెండుగా పోతుంది. అదే మీరు చివరి నెలదాకా ఆగితే కమీషన్ ఒక్కటే పోయి 2,79,000 వస్తుంది. అంటే ఇరవై నెలలు ముందు తీసుకున్నందుకు 45,000 వదులుకుంటున్నారు. ఏడాదికి సుమారు 11 శాతం వడ్డీ అన్నమాట. నిజం చెప్పాలంటే ఇది మరీ దారుణమైన వడ్డీ కాదు, కార్డు కంటే నయమే. అసలు చిక్కు వడ్డీలో లేదు. పాడుకున్న చీటీకి మిగతా వాయిదాలకు జామీను అడుగుతారు. ఇంట్లోవాళ్లో స్నేహితులో సంతకం పెడతారు. ఆ ఇరవై నెలల్లో మీకు ఉద్యోగం మారి రెండు నెలలు జీతం ఆగినా వాళ్ల మెడకు చుట్టుకుంటుంది.

మీ ఇంటికి నెలకు 61,000 కావాలి. అంటే ఇప్పుడు బ్యాంకులో ఉన్నది రెండు నెలలకు కూడా చాలదు. చిన్న కంపెనీలో ఉన్నారు, చిన్న పాప ఉంది, ఇంటి లోను ఉంది. ఆరు నెలల ఖర్చు, అంటే 3,66,000 పక్కన ఉండాలి. ఆ చీటీ డబ్బులో పెద్ద భాగం అక్కడికే పోవాలి. నాకు ఈ విషయంలోనే మీ గురించి ఆందోళనగా ఉంది.

ఇక కార్డు ఈఎంఐ. 16 శాతం వడ్డీకి 12 నెలలైతే లక్షకు నెలకు 9,073 కట్టాలి. ఏడాదికి వడ్డీ 8,877, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ మరో 1,600. ప్రాసెసింగ్ రుసుము వేరే. 2,40,000కి కిస్తీ 21,775, అంటే మీ ఇంటి లోను లాంటిది ఇంకొకటి. నెలకు 7,000 మిగిలే ఇంట్లో అది నడవదు. కట్టలేక బకాయి పడితే కార్డు వడ్డీ నెలకు 3.5 శాతం చుట్టుపక్కల ఉంటుంది, ఏడాదికి 40 శాతం దాటుతుంది.

మీ 2,40,000 అంచనాలో కొన్ని ఖర్చులు కనిపించకుండా ఉంటాయి. షెంగెన్ వీసా (యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఇచ్చే ఒకే వీసా) రుసుము 2024 జూన్ నుంచి పెద్దలకు 90 యూరోలు. వీసా కేంద్రం సేవా రుసుము అదనం. తిరస్కరిస్తే రుసుము తిరిగి రాదు. కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. దరఖాస్తు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి పెట్టుకోవచ్చు, పదిహేను రోజుల లోపు అయితే తీసుకోరు. వీసా రాకముందే వెనక్కి డబ్బు రాని విమాన టికెట్ కొనడం ఎక్కువమందిని ముంచే పొరపాటు. ఇంకొకటి, వీసాకి గత కొన్ని నెలల బ్యాంకు స్టేట్‌మెంట్లు అడుగుతారు. 1,10,000 ఉన్న ఖాతాలో దరఖాస్తుకు వారం ముందు 2,34,000 వచ్చి పడితే అది అప్పు తెచ్చిన డబ్బని అధికారి అనుమానిస్తారు. చీటీ పాస్‌బుక్, సంస్థ చెల్లింపు రశీదు జత చేయకపోతే ఇబ్బందే.

అక్కడ ఖర్చు పెట్టేటప్పుడు కూడా జాగ్రత్త. యూరోపైథాన్ 2023 నుంచి 2025 దాకా ప్రాగ్‌లో జరిగింది. చెక్ దేశంలో చెల్లేది కొరునా, యూరో కాదు. యూరోలు నింపిన ఫారెక్స్ కార్డు అక్కడ గీకితే మళ్లీ మారక రుసుము పడుతుంది. అందుకే ఏ ఊరిలో జరిగినా ముందు అక్కడి కరెన్సీ చూసుకోండి. మామూలు క్రెడిట్ కార్డుల్లో విదేశీ మార్కప్, అంటే వేరే కరెన్సీలో కట్టినందుకు పడే అదనపు రుసుము, చాలావరకు 3.5 శాతం, దానిపై జీఎస్టీ కలిపితే 4.13 శాతం. 80,000 ఖర్చు చేస్తే 3,300 పోతుంది. మిషన్ మీద రూపాయల్లో కట్టమంటారా అని అడిగితే వద్దని, అక్కడి కరెన్సీలోనే కట్టండి. టీసీఎస్ (విదేశీ ఖర్చుకి డబ్బు పంపేటప్పుడే ముందుగా వసూలు చేసే పన్ను) గురించి భయపడక్కర్లేదు. సొంతంగా పంపే, కార్డులో నింపే డబ్బు ఏడాదికి 10 లక్షలు దాటేదాకా అది పడదు. టూర్ ప్యాకేజీ కొంటే మాత్రం నిబంధన వేరు.

మరి మన దేశంలో ఎంతవుతుంది? పైకాన్ ఇండియా 2009లో బెంగళూరులో మొదలైంది. 2022లో చెన్నై, 2023లో హైదరాబాద్, తర్వాత రెండేళ్లు బెంగళూరు. సాధారణంగా సెప్టెంబరులో ఉంటుంది. వర్క్‌షాపులు, ప్రసంగాలు, చివర్లో అందరూ కూర్చుని ఓపెన్ సోర్స్ కోడు రాసే స్ప్రింట్లు ఉంటాయి. బెంగళూరే అనుకుని లెక్కేస్తే: టికెట్, ఒక వర్క్‌షాపు కలిపి 5,000 పక్కన పెట్టుకోండి, అసలు ధర ప్రకటించాక సరిచేసుకోవచ్చు. మూడో ఏసీలో రానూపోనూ 3,000. గది రోజుకు 2,200 చొప్పున మూడు రాత్రులకు 6,600. 7,500 లోపు గదులకు 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ 5 శాతమే, కాబట్టి 6,930. తిండి, తిరుగుడు 2,500. మొత్తం 17,500 లోపే. తోటి ఉద్యోగి ఎవరైనా వస్తే గది అద్దె సగమై 14,000కి తగ్గుతుంది.

గుంటూరు నుంచి బెంగళూరుకి రోజూ ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఉంది. యశ్వంతపూర్ వెళ్లే కొండవీడు ఎక్స్‌ప్రెస్ వారానికి మూడు రోజులే. 2024 నవంబరు నుంచి రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుస్తున్నారు. వారాంతం కాబట్టి తెరిచిన రోజే తీసుకోండి, లేకపోతే తత్కాల్ పేరుతో మీ బడ్జెట్ దెబ్బతింటుంది. సభ 2024లో లాగా నిమ్హాన్స్ కన్వెన్షన్ సెంటర్‌లో పెడితే, కొండవీడులో వెళ్లినప్పుడు యశ్వంతపూర్‌లో దిగి గ్రీన్ లైన్ మెట్రోలో లాల్‌బాగ్ దాకా వెళ్లి అక్కడినుంచి ఆటో చాలు. గది కూడా జయనగర్ వైపు చూసుకోండి. వైట్‌ఫీల్డ్‌లో గది చవగ్గా దొరికిందని తీసుకుంటే రోజుకు మూడు గంటలు ట్రాఫిక్‌లో పోతాయి, ఆ మిగిలింది క్యాబులకే అవుతుంది.

డబ్బు దేనికి కడుతున్నారో కూడా తెలుసుకోవాలి. ఈ రెండు సభల ప్రసంగాలూ తర్వాత యూట్యూబ్‌లో ఉచితంగా వస్తాయి. అందుకని వరసగా హాల్లో కూర్చుని ప్రసంగాలు వినడానికే అయితే ఇంటి దగ్గర ఉండొచ్చు. వీడియోలో దొరకనివి వర్క్‌షాపు, స్ప్రింట్లు, టీ విరామంలో మాటలు. మీ కోడులో ఆరునెలలుగా తెగని సమస్య ఒకటి కాగితం మీద రాసుకుని వెళ్లండి: ఉదాహరణకి సెలరీ (Celery, వెనక జరిగే పనులను వరసలో పెట్టే పైథాన్ టూల్) క్యూ ఎందుకు పేరుకుపోతోంది, జాంగో (వెబ్‌సైట్లు కట్టే పైథాన్ ఫ్రేమ్‌వర్క్) క్వెరీలు ఎందుకు నెమ్మదిస్తున్నాయి. ప్రసంగం అయ్యాక ఆ వక్తను పట్టుకుని అదే అడగండి. టికెట్టు గిట్టుబాటయ్యేది ఆ పది నిమిషాల్లోనే.

కంపెనీ సెలవు ఇస్తానంది కదా, అక్కడితో ఆగకండి. ఒక పేజీ రాయండి: ఏ వర్క్‌షాపుకి వెళ్తారు, ప్రస్తుత ప్రాజెక్టులో దాని ఉపయోగం ఏమిటి, తిరిగొచ్చాక జట్టుకి గంటసేపు ఏం చూపిస్తారు, జీఎస్టీతో సహా మొత్తం ఎంత. జీఎస్టీతో సహా అని ఎందుకంటున్నానంటే కర్ణాటకలో జరిగే సభ టికెట్టు మీద, గది మీద పడేది అక్కడి పన్ను. ఆంధ్రలో రిజిస్టరైన కంపెనీ దాన్ని ఇన్‌పుట్ క్రెడిట్‌గా తీసుకోలేదు, అంటే తాను కట్టాల్సిన జీఎస్టీలోంచి తగ్గించుకోలేదు. తర్వాత మీ అకౌంటెంట్ ఆ ముక్క చెబితే యజమాని అప్పటికప్పుడు వెనక్కి తగ్గొచ్చు. అంతా ఇవ్వకపోయినా టికెట్, రైలు ఛార్జీలు అడగండి. ఇస్తే బిల్లుల మీద రీయింబర్స్‌మెంట్‌గా ఇవ్వమనండి. ఆఫీసు పని మీద చేసిన ఖర్చు తిరిగి ఇస్తే మీకు పన్ను ఉండదు. అదే డబ్బు బోనస్ అని పేస్లిప్‌లో వేస్తే పన్ను కడతారు. బదులుగా ఏడాది మానకూడదని బాండు అడిగితే, 15,000 కోసం సంతకం చేయకండి.

పన్ను మినహాయింపు సంగతి: జీతగాడు జేబులోంచి పెట్టిన కాన్ఫరెన్స్ ఖర్చుకి విడిగా మినహాయింపు లేదు. కొత్త విధానంలో అందరికీ ఇచ్చే 75,000 స్టాండర్డ్ డిడక్షన్‌తోనే సరి.

ఆర్థిక సాయానికి తప్పక దరఖాస్తు పెట్టండి, పైకాన్ ఇండియాకీ యూరోపైథాన్‌కీ రెంటికీ ఉంది. అయితే ఇలాంటి సాయం చాలాచోట్ల సభ ముగిసి బిల్లులు ఇచ్చాకే చేతికి వస్తుంది. అంటే ముందు మీరే పెట్టుకోవాలి. ఎంత భాగం ఇస్తారు, ఎప్పుడు ఇస్తారు అని మెయిల్‌లో రాతపూర్వకంగా అడిగాకే టికెట్లు కొనండి. యూరోపైథాన్‌లో సొంత డబ్బుతో వచ్చేవాళ్ల టికెట్టు వేరు, కంపెనీ ఖర్చుతో వచ్చేవాళ్లది వేరు. కంపెనీ కట్టేటట్టయితే బిజినెస్ టికెట్టే తీసుకోవాలి, అది ఖరీదెక్కువ. ఆ లెక్క ముందే వేసుకోండి.

ఇప్పటినుంచి నెలకు 3,500 చొప్పున ఐదు నెలలు విడిగా పక్కన పెట్టండి, అదే 17,500. మిగతా 3,500 అత్యవసర నిధికి. చీటీ చివరిదాకా కట్టండి. ఇరవై నెలల తర్వాత బ్యాంకులో 1,80,000, చీటీ నుంచి 2,79,000 ఉంటాయి. అందులో 3,66,000 అత్యవసర నిధిగా పక్కన పెడితే 93,000 మిగులుతుంది. చీటీకి కట్టే 10,000 అప్పటికి ఖాళీ అవుతుంది కాబట్టి దాన్ని పదిహేను నెలలు దాస్తే 2,43,000. అప్పు లేకుండా, జామీను లేకుండా యూరప్. దాదాపు మూడేళ్లు పడుతుందని నిరాశపడకండి. ఈలోగా ఏటా ఒక దేశీ సభకు వెళ్తూ, అక్కడ ప్రసంగానికి ప్రతిపాదనలు పంపుతూ ఉండండి. ఒకసారి వేదికెక్కితే యూరోపైథాన్ ప్రతిపాదనకీ, ఆర్థిక సాయం దరఖాస్తుకీ చూపించుకోవడానికి మీ దగ్గర ఒక వీడియో ఉంటుంది.

పాస్‌పోర్ట్ లేకపోతే ఇప్పుడే మామూలు పద్ధతిలో 1,500 కట్టి తీసుకోండి. చివరి నిమిషంలో తత్కాల్ అంటే ఇంకో 2,000.