గది ఉష్ణోగ్రత చాలు, కానీ ఏ గది అయినా చాలదు

"వజ్రంలోని ఎన్‌వీ సెంటర్లతో నానో స్థాయి అయస్కాంత క్షేత్రాలను గది ఉష్ణోగ్రత వద్దే కొలవవచ్చునంటారు, నిజమేనా?" అన్నది మీ ప్రశ్న. (ఎన్‌వీ సెంటర్ అంటే వజ్రపు స్ఫటికంలో ఒక కార్బన్ స్థానంలో నైట్రోజన్ చేరి, దాని పక్క స్థానం ఖాళీగా ఉన్న లోపం.) నిజమే. 2008లోనే హార్వర్డ్, స్టుట్‌గార్ట్ బృందాలు చేసి చూపించాయి. ద్రవ హీలియం అక్కరలేదు. అయితే గది ఉష్ణోగ్రత చాలుననడం వేరు, ఏ గది అయినా చాలుననడం వేరు. ఈ పనిలో కొన్నేళ్లు గడిపినవాడిగా రెండో మాటను నేను ఒప్పుకోను.

మా ప్రయోగశాల ఉన్న భవనంలో ఆఫీసు వేళ ముగియగానే సెంట్రల్ ఏసీని ఆపేసేవారు. లేజర్లకు ఆఫీసు వేళలుండవని ఎన్ని అర్జీలు పెట్టుకున్నా వినిపించుకోలేదు. ఒక వేసవి సాయంత్రం, పచ్చ లేజర్ కింద వజ్రం ఎర్రగా వెలుగుతుండగా, మైక్రోవేవ్ పౌనఃపున్యాన్ని మారుస్తూ పోతే 2.87 గిగాహెర్ట్జ్‌కు అటూ ఇటూ ఆ వెలుగు తగ్గే రెండు డిప్‌లను గమనిస్తున్నాము. కుడివైపు డిప్ మెల్లగా జరగడం మొదలైంది. ఎవరో దగ్గరలో ఇనుప వస్తువేదో పెట్టి ఉంటారని నా తోటి విద్యార్థి గది అంతా వెతికాడు. ఎడమవైపు డిప్‌ను కూడా చూడమన్నాను. అయస్కాంత క్షేత్రం మారితే రెండూ ఒకదానికొకటి దూరమో దగ్గరో కావాలి. ఇక్కడ రెండూ కలిసి తక్కువ పౌనఃపున్యం వైపే నడుస్తున్నాయి. అది ఉష్ణోగ్రత పని. ఒక్క డిగ్రీ పెరిగితే 74 కిలోహెర్ట్జ్ జరుగుతుంది. ఒక మైక్రోటెస్లాకు వచ్చే జరుగుడు 28 కిలోహెర్ట్జ్ మాత్రమే. ఒకే డిప్‌ను నమ్ముకున్నవారికి గదిలో మూడు డిగ్రీల ఉక్క దాదాపు ఎనిమిది మైక్రోటెస్లాల క్షేత్రంగా కనబడుతుంది.

ఇక నానో స్థాయి అన్నమాటకు వస్తే, అక్కడ అసలు సంగతి దూరమే. పది నానోమీటర్ల దూరంలో ఒక ఎలక్ట్రాన్ స్పిన్ (దాన్ని చిన్న అయస్కాంతంలా చేసే గుణం) క్షేత్రం ఒకటి రెండు మైక్రోటెస్లాలు. దూరం రెట్టింపైతే అది ఎనిమిదో వంతుకు పడిపోతుంది. ప్రోటాన్‌దైతే అందులో ఆరు వందల్లో ఒక వంతు కూడా ఉండదు. అందుకని ఎన్‌వీ లోపాన్ని వజ్రపు ఉపరితలానికి దగ్గరగా తెస్తాము, తెచ్చిన కొద్దీ అక్కడి తెగిన బంధాలు, అంటుకున్న మురికి దాని స్పిన్‌ను చెదరగొడతాయి. పరమాణువంత సెన్సర్ అని రాసే పత్రికలు, దాని చుట్టూ బల్ల నిండా ఉన్న కటకాలనూ, ఆమ్లాలలో మరిగించి వజ్రాన్ని శుభ్రం చేసే గంటలనూ ఎందుకో రాయవు.

ఈ దూరం సమస్యకు షట్కోణ బోరాన్ నైట్రైడ్ మేలన్నది నా అభిప్రాయం. పొరలుగా ఊడివచ్చే పదార్థం కనుక పలుచటి రేకును నమూనా మీదే పరచవచ్చు, అందులోని బోరాన్ ఖాళీలు (బోరాన్ పరమాణువు లేని స్థానాలు) కూడా గది ఉష్ణోగ్రత వద్దే పనిచేస్తాయి. అయితే వాటి వెలుగు మసక, స్పిన్ నిలిచేది కొద్దిసేపే. పైగా వాటి డిప్ డిగ్రీకి వజ్రం కంటే సుమారు ఎనిమిది రెట్లు జరుగుతుంది కనుక, దానికి గదిని మరింత కట్టుదిట్టంగా ఉంచవలసి వస్తుంది.