గుమ్మం దగ్గర మా నాయన తల ఎందుకు వంచుతాడు?

"జ్ఞాపకశక్తి పోయినవాళ్లలో తెలిసి గుర్తుండేది, తెలియకుండా గుర్తుండేది వేరువేరా?" అని అడిగారు. ముమ్మాటికీ వేరు. ఆరేళ్లుగా ఇంట్లో కళ్లారా చూస్తున్నాను.

మా నాయన పాటూరులో మగ్గం నేసేవాడు. మెదడువాపు జ్వరం తగ్గాక కొత్త సంగతి ఒక్కటీ ఆయనకు నిలవడం లేదు. అన్నం తిని చెయ్యి కడుక్కున్న పది నిమిషాలకే "అన్నం పెట్టమ్మా" అంటాడు. ఆ జబ్బు తర్వాతే నెల్లూరులో అద్దె ఇంటికి మారాం. ఇప్పటికీ రోజూ "ఇది ఎవరిల్లు?" అని అడుగుతాడు.

ఆ ఇంటి పెరటి గుమ్మం బాగా పొట్టిది. చేరిన వారంలోనే రెండుసార్లు నుదురు కొట్టుకుని బొప్పి కట్టించుకున్నాడు. ఆ సంగతి ఆయనకు గుర్తు లేదు. కానీ మళ్లీ ఒక్కసారి కూడా దెబ్బ తగల్లేదు. గుమ్మం దగ్గరికి రాగానే కుడిచెయ్యి ఎత్తి పైచెక్క తడిమి, తల వంచి దాటతాడు. "ఎందుకు వంగావు నాయనా?" అంటే వింతగా చూసి, "నేనెక్కడ వంగానమ్మా?" అంటాడు.

అమెరికాలో హెన్రీ మొలైసన్‌కు 1953లో మూర్ఛ తగ్గాలని ఆపరేషన్ చేసి, మెదడులో కొత్త సంగతుల్ని గుర్తు నిలిపే హిప్పోకాంపస్ అనే భాగాన్ని సగం దాకా తీసేశారు. ఆ తర్వాత బ్రెండా మిల్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఆయనతో అద్దంలో చూస్తూ నక్షత్రం బొమ్మ గీయించారు. మూడు రోజుల్లో చెయ్యి తిరిగింది, ముందురోజు గీసిన గుర్తు మాత్రం లేదు. మా నాయన గుమ్మం కథా అదే.

చుట్టాలతోనే నాకు బాధ. వచ్చినవాళ్లంతా "నేనెవరో చెప్పు మామా" అని పరీక్ష పెడతారు. చెప్పలేక ఆయన ముఖం చిన్నబోతుంది. ఎందుకండీ ఆ పరీక్ష? ఒక డాక్టరైతే "ఆయన ముందు ఏం మాట్లాడినా పర్లేదమ్మా, గుర్తుండదు కదా" అన్నారు. ఆ మాట నేను ఒప్పుకోను. జెనీవాలో క్లాపరేడ్ అనే డాక్టరు వేళ్ల మధ్య గుండుసూది దాచి, ఇలాంటి జబ్బున్న ఒకావిడ చేతిని గుచ్చారు. ఆ తర్వాత ఆయన చెయ్యి చాపితే ఆవిడ తన చెయ్యి వెనక్కి లాక్కుంది. ఈ సంగతి ఆయన 1911లోనే రాశారు.

మా ఇంట్లోనూ అదే జరిగింది. స్నానం చేయించడానికి పెట్టుకున్న మనిషి ఒకరోజు విసుగొచ్చి ఆయన రెక్క పట్టి గుంజాడు. మర్నాడు అతన్ని చూసి, "ఎవరు బాబూ నువ్వు?" అని మర్యాదగానే అడిగాడు నాయన. అతను దగ్గరికి వచ్చేసరికి మాత్రం చెయ్యి ఒంటికి అదుముకుని గోడవైపు జరిగిపోయాడు. అతన్ని ఆ రోజే మాన్పించేశాను. ఇప్పుడు నేనే నీళ్లు పోస్తున్నాను. ముందు ఆయన వేళ్లు చెంబులో ముంచి వేడి చూపిస్తాను. ఈమధ్య చెంబు తియ్యగానే తనే చెయ్యి చాపుతున్నాడు.